ఏ సంవత్సరపు ‘ఇప్పుడే’

1995 మొదట్లో నేను డర్బన్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్రం సీనియర్ లెక్చరర్‌గా చేరాను. అంతకుముందు హైదరాబాదులో చాలా ఏళ్ళు అదే పాఠం చెప్పాను. దక్షిణాఫ్రికాలో అన్ని రంగుల వాళ్ళూ ఒకే వరసలో నిలబడి ఓటేసి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. మా విశ్వవిద్యాలయం పాత వర్ణవివక్ష పాలనలో భారతీయ సంతతి వాళ్ళ కోసం విడిగా పెట్టినది. ఇప్పుడు అందరి పిల్లలూ వస్తున్నారు. నా హోదా మధ్యరకం. పైన ఒక ప్రొఫెసరు, ఆయనే శాఖాధిపతి. కింద ఇద్దరు తాత్కాలిక లెక్చరర్లు. అయినా అక్కడ చదువు చెప్పే ప్రతి మనిషినీ ‘ప్రొఫ్’ అని పిలవడం అలవాటు. హైదరాబాదులో ఎన్నేళ్ళు చేసినా రాని పదవి డర్బన్‌లో నాకు మొదటి రోజే వచ్చింది.

ఖగోళశాస్త్రం అనగానే మెడ వెనక్కి వంచి తెల్లవార్లూ చుక్కలు చూసే మనిషి జనానికి గుర్తొస్తాడు. డర్బన్ శివారు అవోకాలో మేం అద్దెకున్న ఇంటి పక్కావిడ, నేను పగలంతా పడుకుంటానేమోనని మొదటి నెలలో తలుపు కొట్టడానికి కూడా మొహమాటపడిందట. అంతరిక్ష టెలిస్కోపుతో పనిచేసేవాళ్ళవి నిజానికి బ్యాంకు వేళలు. ఆ టెలిస్కోపు గంటన్నరకో చుట్టు చొప్పున భూమి చుట్టూ తిరుగుతుంటుంది. దాన్ని మేం ముట్టుకోం, దానికి కన్ను ఆనించం. అది ఏ దిక్కుకు తిరగాలో, ఏ పరికరం తెరవాలో, ఎంతసేపు కాంతి పట్టాలో పొల్లుపోకుండా రాసి, అమెరికాలో దాన్ని నడిపే సంస్థకు పంపుతాం. కొన్ని నెలలకు కొరియర్‌లో సమాచారం ఎక్కించిన టేపు ఒకటి వస్తుంది. మిగతాదంతా కంప్యూటరు ముందు కూర్చుని నడుం నొప్పి తెచ్చుకోవడమే.

అంత ఖర్చుపెట్టి టెలిస్కోపును పైకి పంపడం దేనికంటే, అతినీలలోహిత కాంతిని గాలి పైనే తాగేస్తుంది. నేల మీద కూర్చుంటే మనకు అందదు. మా పనికి ఆ కాంతే కావాలి. క్వాసార్ అనేది చూడటానికి మామూలు చుక్కలాగే ఉంటుంది. కానీ అది చాలా దూరాన ఉన్న ఒక గెలాక్సీ నడిబొడ్డు. మిగతా గెలాక్సీని కనపడనివ్వనంత జోరుగా వెలుగుతుంది. ఆ వెలుగు మన దాకా వచ్చే దారిలో వేరే గెలాక్సీల అంచులను దాటుకుని వస్తుంది. అంచుల్లో ఉన్న పలుచని వాయువు కొన్ని రంగులను మింగేస్తుంది. కాంతిని రంగులుగా విడగొడితే ఆ చోట్ల నల్లగీతలు కనపడతాయి. దీపం ముందు బట్ట పట్టుకుంటే దాని నేత కనపడుతుంది చూడండి, అలాంటిదే ఇది. దీపం క్వాసార్, బట్ట గెలాక్సీ.

ఈ పని నాది కాదు, వనితా అప్పల్‌సామిది. మా ఇద్దరు తాత్కాలిక లెక్చరర్లలో ఆమె ఒకతె. డర్బన్ పక్కనున్న వెరులంలో పుట్టి పెరిగింది. ఆమె ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద ఓడెక్కి వచ్చాడు. ఇంటా బయటా వాళ్ళది ఇంగ్లీషే. తెలుగు మాత్రం వాళ్ళ అవ్వ దగ్గరే మిగిలింది. వనితకు తిండి పేర్లు, వావివరసలు, రెండు మూడు తిట్లు, ఇంకో గుప్పెడు పొడిపొడి వాక్యాలు వచ్చు. నేను తెలుగుదాన్నని తెలిసినప్పటి నుంచి ఆ గుప్పెడునీ నా మీద తెగ ఖర్చు పెట్టేది. ‘పప్పు బాగుంది, ప్రొఫ్’ అని కారిడార్‌లో సంబంధం లేకుండా అనేది. నాకు ముచ్చటగా ఉండేది.

వనిత డాక్టరేటు నా పర్యవేక్షణలో ఉంది. తాత్కాలిక ఉద్యోగం ఖాయం కావాలంటే ఆ డాక్టరేటు చేతికి రావాలి. శాఖలో పోస్టులు తగ్గిస్తారని అప్పటికే గుసగుసలున్నాయి. సిద్ధాంతగ్రంథం మొత్తం ఒక్క క్వాసార్ మీద, దాని దారిలో అడ్డు నిలిచిన గెలాక్సీల మీద నడవాలి. అందుకు అంతరిక్ష టెలిస్కోపు సమయం కావాలి. ప్రపంచం నలుమూలల నుంచీ దరఖాస్తులు వెళతాయి, ఎక్కువ భాగం తిరిగొస్తాయి. పాత పాలన మీద కోపంతో బయటి దేశాలు దక్షిణాఫ్రికా చదువులను వెలివేసిన కాలం పోయింది కాబట్టి అడిగి చూద్దామని వనిత పట్టుబట్టింది. ఏ పని ఎందుకు చేయాలో చెప్పే మొదటి దరఖాస్తును ఆమే రాసింది, నేను దిద్దాను. మాకు సమయం ఇచ్చారు. రెండు దఫాలు: మొదటి దఫాలో క్వాసార్ చుట్టూ ఉన్న గెలాక్సీలకు ఫోటోలు, రెండో దఫాలో క్వాసార్ కాంతిని విడగొట్టి నల్లగీతలు. గీతలుంటే వాయువు ఉందని తెలుస్తుంది; అది ఏ గెలాక్సీదో చెప్పడానికి ఫోటోలు కావాలి. రెండూ ఉంటేనే పని పూర్తి.

ఆ వారం నన్ను వెరులంలో వాళ్ళింటికి భోజనానికి పిలిచారు. వీధిలో గుడి, పక్కన బట్టల దుకాణం, దాని పైన వీళ్ళ వాటా. అవ్వకు ఎనభై దాటాయి, చిన్న మనిషి, పెద్ద గొంతు. కంటికి ఆనని కాంతిని చూసే టెలిస్కోపు అంటే ఏమిటో వనిత ఆమెకు ఇంగ్లీషులో చెప్పబోయి ఆగిపోయింది. తర్వాత తనకే తోచి, ఓటు నాటి దీపం లాంటిది అంది. కిందటేడు ఎన్నికల్లో ఓటేసినవాళ్ళ చేతికి కనపడని సిరా పూశారు. మళ్ళీ వస్తే ఊదారంగు దీపం కింద అది మెరుస్తుంది, దొంగ ఓటు పట్టుబడుతుంది. అవ్వ జన్మలో మొదటి ఓటు వేసి, మెరుస్తోందో లేదో తనకు చూపించాల్సిందేనని ఆ దీపం దగ్గరికి మళ్ళీ వెళ్ళి కూర్చుందట. ఆ దీపపు వెలుగూ మా టెలిస్కోపు చూసే వెలుగూ ఒక కుటుంబానివే.

అవ్వ నావైపు తిరిగింది. “నా సేతికి గవర్మెంటోళ్ళు పూసినారు. మరి ఆ సుక్కకి ఎవురు పూసినారమ్మా సిరా?”

నేను పప్పు వేసుకుని అన్నం కలుపుకున్నాను.

సమయం ఇచ్చిన తర్వాత రెండో దశ ఉంటుంది. అసలు పని అక్కడే. టెలిస్కోపుకు ఇవ్వాల్సిన ఆదేశాలన్నీ ఒక ఫైలుగా రాసి, గడువులోపు కంప్యూటర్ లైన్ మీద పంపాలి. ప్రతి జట్టుకూ ఆ సంస్థ ఒక సమన్వయకర్తను కేటాయిస్తుంది. ఫైలులో తప్పులు ఆయన చూస్తాడు గానీ, మనం ఇచ్చిన చోట నిజంగా మన క్వాసారే ఉందా అన్నది ఆయనకు తెలిసే దారి లేదు. అది మన పూచీ. గడువు ఒక శుక్రవారం సాయంత్రం, అమెరికా గడియారం ప్రకారం. వనిత వారం ముందే ఫైలు పంపేసింది. గడువులోపు ఎన్నిసార్లయినా మార్చి పంపొచ్చు, చివరిదే లెక్క.

ఆ గురువారం నేను అలవాటు కొద్దీ ఫైలులో ఉన్న చోటును ఆకాశపటం మీద పెట్టి చూశాను. అక్కడ క్వాసార్ లేదు. చుట్టుపక్కల కూడా లేదు. అరగంట తల గోక్కున్నాక విషయం బోధపడింది. భూమి ఇరుసు బొంగరంలా నెమ్మదిగా ఊగుతుంటుంది, దాంతో చుక్కల చోట్లను చెప్పే అంకెలు ఏళ్ళు గడిచేకొద్దీ జరుగుతుంటాయి. పంచాంగం చూసేవాళ్ళకు అయనాంశ అన్న మాట తెలుసు, ఆ లెక్కే ఇది. అందుకని మా వృత్తిలో ఏ చోటు చెప్పినా అది ఏ సంవత్సరపు లెక్కో పక్కన చెప్పాలి. పాత జాబితాలు 1950వి, కొత్తవి 2000వి. వనిత అంకెలను 1950 జాబితాలోంచి ఎత్తి, పక్కన 2000 అని రాసింది. ఆ రెంటికీ మధ్య తేడా నిండు చంద్రుడి వెడల్పు కన్నా ఎక్కువ. మా టెలిస్కోపు ఒకసారికి చూసే ఆకాశం చంద్రుడిలో చిన్న ముక్కంతే.

ఆమె తప్పు చేయడం నాకు ఆశ్చర్యమనిపించింది. కొత్త జాబితాల్లోంచి తీసిన ప్రతి అంకెనూ రెండుసార్లు సరిచూసే మనిషి. ఈ ఒక్కటి మాత్రం బీఎస్సీ రోజుల నుంచి వాడుతున్న సొంత పుస్తకంలోంచి తీసింది. చేతికి అలవాటైన పుస్తకం కదా, అది ఏ సంవత్సరానిదో చూడాలని తోచలేదు. నేను చెప్పగానే పుస్తకం మొదటి పేజీ తిప్పి సంవత్సరం చూసుకుంది. శుక్రవారం పొద్దున్నే నా ఎదుటే అంకెలు మార్చింది, ఇద్దరం పటంతో సరిచూశాం. ఇక పంపడమే మిగిలింది.

నాకు ఆ మధ్యాహ్నం, తీరం వెంట దక్షిణాన ఉన్న పోర్ట్ షెప్‌స్టోన్‌లో ఒక బడి ఉపాధ్యాయులకు ఉపన్యాసం ఉంది. బయల్దేరే ముందు ఆఫీసు నుంచి ఆమె గదికి ఫోను చేశాను.

“ఫైలు పంపావా?” అని తెలుగులోనే అడిగాను.

“ఇప్పుడే, ప్రొఫ్,” అంది.

నేను ఫోను పెట్టేసి నిశ్చింతగా కారెక్కాను. పంపావా అంటే ఇప్పుడే అన్నదంటే ఇప్పుడే పంపానని అర్థం. గుంటూరులో అడగండి, విజయవాడలో అడగండి, ఇదే చెబుతారు. దారి పొడవునా ఎడం పక్క సముద్రం కనపడుతూనే ఉంది. అక్కడి టీచర్లు వేరే గ్రహాల మీద మనుషులుంటారా అని అడిగారు, నేను ఉత్సాహంగా చాలాసేపు మాట్లాడాను. ఫైలు సంగతి మళ్ళీ గుర్తు రాలేదు.

ఆదివారం వెరులంలో మళ్ళీ భోజనం. ఫైలు వెళ్ళిన సందర్భంగా అని నా లెక్క. ఊరికే అని వాళ్ళ లెక్క. తిన్నాక అవ్వా నేనూ ముందుగదిలో కూర్చున్నాం. అవ్వ టీ తెమ్మని లోపలికి కేకేసింది. “ఇప్పుడే, అవ్వా,” అని వనిత గొంతు వంటింట్లోంచి వచ్చింది. టీ రాలేదు. అవ్వ చెరకు తోటల రోజులు చెప్పింది, తమ్ముడి పెళ్ళి చెప్పింది. టీ రాలేదు. వంటింట్లోంచి వనిత ఫోనులో ఎవరితోనో నవ్వుతున్న చప్పుడు వస్తోంది. “ఒలే, చేచా తే,” అని అవ్వ మళ్ళీ అరిచింది. చేచా అంటే త్వరగా అని. చెరకు తోటల్లో జూలూల దగ్గర నేర్చిన మాట.

తొందరేం లేదు, ఇప్పుడే అంది కదా, తెస్తుందిలెండి అన్నాను నేను.

అవ్వ నవ్వింది. “ఇప్పుడే అంటే ఇప్పుడు కాదమ్మా. ఇప్పుడే అంటే తరవాత. ఇప్పుడిప్పుడే అన్నాదనుకో, అప్పుడు ఒస్తాది.”

ఆ దేశం వచ్చిన కొత్తలోనే నాకు అందరూ ఒక హెచ్చరిక చేశారు. ఇక్కడ ఇంగ్లీషులో ‘జస్ట్ నౌ’ అంటే ఇప్పుడు కాదు, కాసేపటికో గంటకో ఎప్పుడో అని. ‘నౌ నౌ’ అంటే కాస్త త్వరగా అని. ప్లంబరు ‘జస్ట్ నౌ’ అన్నాడంటే స్నానం సంగతి మరిచిపోవచ్చు. ఇంగ్లీషులో ఆ మాట వినపడితే నేను వెంటనే చెవులు రిక్కించేదాన్ని, ఎన్ని గంటలకు అని గుచ్చి అడిగేదాన్ని. కానీ వనిత చెప్పింది తెలుగులో. నా భాషలో నాకు జాగ్రత్త దేనికి?

ఆమె టీ పట్టుకుని వచ్చేసరికి నా ముఖం ఎలా ఉందో, గుమ్మంలోనే ఆగింది. శుక్రవారం నువ్వు ఇప్పుడే అన్నావు అన్నాను. అవునంది. ట్యుటోరియల్ క్లాసు ముగించి, భోజనం చేసి పంపుదామనుకుందట. ఈలోగా విశ్వవిద్యాలయం మొత్తానికి బయటికి ఉన్న ఒక్క లైనూ పోయింది. ఫైలు ఎలాగూ ముందే పంపింది కాబట్టి, దిద్దుబాటు సోమవారం పంపినా తీసుకుంటారనుకుంది.

“తొందర అంటే మీరు మళ్ళీ అడుగుతారు గదా అనుకున్న, ప్రొఫ్. మీరు అడగలే.”

నేను మళ్ళీ అడగలేదు, ఎందుకంటే పంపేసిందనుకున్నాను. ఆమె పంపలేదు, ఎందుకంటే నేను అడగలేదు. నిబంధనల్లో మాటల సవరణ గడువు తర్వాత కూడా ఒప్పుకుంటారు, చోటు మార్పును ఒప్పుకోరు. అది నాకు తెలుసు, ఆమె ఆ పేజీని అలా చదవలేదు. నాకు ఒళ్ళు మండింది. తెలుగు రాకపోతే ఇంగ్లీషులోనే ఏడవొచ్చు కదా అన్నాను, వాళ్ళింట్లో కూర్చుని, వాళ్ళ టీ ముందు పెట్టుకుని. వనిత కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది.

అవ్వ గొంతు పెంచలేదు. “మా ఇంట్లో అంతేనమ్మా. మా యమ్మా అలాగే అనేది.”

ఆ మాట ఇంగ్లీషులోంచి వాళ్ళ తెలుగులోకి దిగిందో, ఓడలోనే వచ్చిందో నాకు తెలీదు. వనితను వెంటబెట్టుకుని శాఖకు కారులో వెళుతుంటే గుంటూరులో మా నాన్న గుర్తొచ్చారు. ‘ఇప్పుడే వస్తా’ అని చెప్పులేసుకుని వెళ్ళి భోజనాలు చల్లారాక వచ్చేవారు. అమ్మ ఎన్నడూ దాన్ని అబద్ధం అనలేదు. గుంటూరు సాక్ష్యం కూడా నాకు పూర్తిగా అనుకూలం కాదన్నమాట.

లైను తిరిగొచ్చింది. దిద్దిన ఫైలు పంపాం. సోమవారం మధ్యాహ్నం, అమెరికాలో ఆఫీసు తెరిచే వేళకు, మా సమన్వయకర్తకు ఫోను చేశాం. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. గడువు దాటింది కాబట్టి మార్పు కావాలంటే కారణం రాసి అభ్యర్థన పెట్టాలి, దాన్ని ఒక సంఘం చూస్తుంది. రెండో దఫాకు ఇంకా వేళ ఖరారు కాలేదు, అక్కడ ఆశ ఉంది. మొదటి దఫా ఉన్న వారానికి గడువు ముగియగానే ఆదేశాల వరస కట్టేశారు. ఒకరి చోటు కదిపితే ఆ వారంలో అందరి పనీ కదులుతుంది.

శాఖాధిపతికి చెప్పాల్సి వచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు, పాత పాలనలో ఆ శాఖను నిలబెట్టడానికి నానా తంటాలూ పడ్డవాడు. లైను పోయిందని రాయమన్నాడు. పోయిన మాట నిజమే కదా, రుజువు కూడా ఉంది, వాళ్ళు జాలిపడి ఒప్పుకుంటారు. ఎవరికీ నష్టం లేదు. నేను ఒప్పుకోబోయాను కూడా. మన దేశంలో కరెంటు పోయిందని చెప్పి ఎన్ని గడువులు దాటలేదు.

వనిత తల అడ్డంగా ఊపింది. “లైన్ పోయింది లంచ్ తరవాత. లంచ్ ముందు ఉండె.”

ఆయన నచ్చజెప్పాడు. ఆమె ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది: మన దగ్గర్నుంచి ఏ ఉత్తరం వెళ్ళినా అందులో లైను పోయిందనే ఉంటుందని వాళ్ళు ముందే అనుకుంటారు, మొదటిసారి సమయం దొరికింది, ఆ మాటతో మొదలుపెట్టను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సరే నీ ఇష్టం అన్నాడు, ఆ స్వరంలో మెప్పు లేదు.

కారణం ఆమే రాసింది. అంకెలు 1950వని, 2000 అని రాయడం తన తప్పని, దిద్దుబాటు ఆలస్యం కావడం తనకూ పర్యవేక్షకురాలికీ మధ్య ఒక మాట అర్థంలో తేడా వల్లనని. ఆ ఆఖరి వాక్యం కింద నేను వివరణ రాయబోయాను. ‘ఇప్పుడే’ అనే తెలుగు మాటను అమెరికా సంఘానికి విప్పి చెప్పడానికి మూడు పేరాలు పట్టాయి, మూడూ చించేశాను. వాక్యం అలాగే వెళ్ళింది.

రెండో దఫాకు మార్పు ఒప్పుకున్నారు. మొదటిదానికి ఒప్పుకోలేదు.

ఆ తర్వాత వారం రోజుల్లోనే, ఒక మంగళవారం పొద్దున, మొదటి దఫా వచ్చింది. వేళ మాకు ముందే తెలుసు. వనితకు అప్పుడు ఫస్టియర్ వాళ్ళకు క్లాసు ఉంది. నేను ఆ గది వెనక వరసలో కూర్చున్నాను, ఎందుకో ఒక్కదాన్నే ఆఫీసులో కూర్చోలేకపోయాను. ఆమె బోర్డు మీద లెక్క చేస్తూ గోడ గడియారం వైపు చూసింది, తర్వాత నా వైపు. ఎక్కడో మా నెత్తిన ఆ టెలిస్కోపు చెప్పిన చోటికి బుద్ధిగా తిరిగి, చెప్పినంతసేపు, ఏమీ లేని చోట కళ్ళు తెరిచి చూస్తోంది. ఆమె చాక్‌పీసు మార్చుకుని లెక్క పూర్తి చేసింది.

ఆ టేపు కూడా వచ్చింది. తప్పు చోటు చూసినా వాళ్ళు పంపుతారు. తెరిచి చూస్తే మరీ ఖాళీ ఏం కాదు. మసకమసకగా పేరులేని గెలాక్సీలు పాతిక ముప్ఫై ఉన్నాయి. ఆకాశంలో ఖాళీ చోటంటూ లేదని తెలిసింది గానీ, దాంతో సిద్ధాంతగ్రంథం రాదు. కొన్ని నెలలకు రెండో టేపు వచ్చింది. అందులో నల్లగీతలు స్పష్టంగా, మేం ఆశించిన దానికన్నా ఎక్కువగా ఉన్నాయి. వనిత వాటిని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది. గీతలు ఉన్నాయి, అవి ఎవరివో చెప్పే ఫోటోలు లేవు.

ఆ ఫోటోల కోసం అక్కడి ఉత్తర కేప్ రాష్ట్రంలో కొండ మీదున్న నేల టెలిస్కోపుతో తంటాలు పడింది. గాలి తెర వెనక నుంచి తీసిన బొమ్మలు కాబట్టి సగం గెలాక్సీలే తేలాయి. ఈలోగా ఆమె ఒప్పందం గడువు ముగిసింది, పోస్టు లేదన్నారు. వెరులంలో ఒక హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరింది. సాయంత్రాలు బడి నుంచి షేర్ టాక్సీలో మా శాఖకు వచ్చి నా గదిలో మూల కంప్యూటరు దగ్గర కూర్చునేది. ఒకటిన్నర ఏడాది అలా చేసింది. ఆ మధ్య ఒకరోజు మానేద్దామనుకుంటున్నానంది. నేనేమీ అనలేదు, ఒకసారి నోరు జారిన అనుభవం చాలు. మర్నాడు మళ్ళీ వచ్చింది.

సిద్ధాంతగ్రంథంలో పరిశీలనల అధ్యాయం అడుగున ఆమె ఒక వాక్యం పెట్టింది: మొదటి దఫా, రచయిత్రి 1950 అంకెలకు 2000 అని రాసినందువల్ల, వేరే చోటును చూసింది. తీసేయమని శాఖాధిపతి అన్నాడు, ఉంచమని నేను అనలేదు, ఆమె ఉంచింది. పరీక్షకుల్లో ఒకరు విదేశీయుడు, కఠినుడని పేరు. ఆయన నివేదికలో ఫోటోల కొరత గురించి ఘాటుగానే రాశాడు. చివర్లో మాత్రం, సొంత తప్పును ఇంత పొట్టిగా చెప్పగలిగిన వాళ్ళ మిగతా అంకెలను తాను నమ్ముతానని రాశాడు. డాక్టరేటు వచ్చింది. పోస్టు మళ్ళీ పడ్డప్పుడు ఆ నివేదిక ఎంపిక సంఘం ముందు ఉంది. శాఖాధిపతే ఆమె పేరు ప్రతిపాదించాడు.

అవ్వ డాక్టరేటు సంగతి వినే కన్నుమూసింది. పట్టా చేతికి వచ్చిన రోజు, ఆ సుక్క దొరికిందా అని అడిగిందట, దొరికింది అవ్వా అని వనిత చెప్పిందట.

నేను 2003లో తిరిగొచ్చేశాను. ఇప్పుడు ఆ శాఖకు వనితే అధిపతి. అక్కడ ఏ చోటు రాసినా పక్కన సంవత్సరం లేకపోతే ఆమె సంతకం పెట్టదు. ఎవరైనా పని ‘జస్ట్ నౌ’ చేస్తామంటే, జూలూ పిల్లలు కూడా నవ్వుతూ ‘ఏ సంవత్సరపు ఇప్పుడే?’ అని తెలుగులో అడుగుతారట. వాళ్ళకు తెలిసిన తెలుగు అదొక్కటే. తప్పు లేకుండా పలుకుతారని విన్నాను.

ఈ ఉదంతం నాకు నేర్పింది చిన్న విషయం. 1950 అంకెలు తప్పు కాదు, 2000 అంకెలూ తప్పు కాదు. ఏది ఏ కాలానిదో చెప్పకపోవడమే తప్పు. వనిత ‘ఇప్పుడే’, నా ‘ఇప్పుడే’ కూడా అలాంటివే. పరాయి పుస్తకాన్ని, పరాయి భాషను ఎవరైనా సరిచూస్తారు. సరిచూడాల్సింది సొంత పుస్తకాన్ని, సొంత మాటను.